నొప్పి, వాపు, మొక్క: తెలుగు ఆరోగ్య వచనంలో ఔషధ పదార్థాల వర్ణన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
నొప్పిని, శోథను తగ్గించే మొక్కల గురించి తెలుగులో వెలువడుతున్న జనరంజక ఆరోగ్య రచన రసాయనశాస్త్రం నుంచి పదార్థాల పేర్లను స్వీకరించింది. ఆ పేర్లతో పాటు రావలసిన పరిమాణాన్ని, ప్రయోగ సందర్భాన్ని మాత్రం స్వీకరించలేదు. వస్తుగుణ గ్రంథ సంప్రదాయంలో ఉన్న భాగం, సంస్కారం, మోతాదు, అనుపానం వంటి నిబంధనలను కూడా అది క్రమంగా వదులుకుంది. పసుపు, అల్లం, మిరప, దుంపరాష్ట్రం, అడవినాభి మొదలైన మొక్కల ప్రస్తావనలను ఆధారం చేసుకొని ఈ వచనపు పదజాలాన్ని, వాక్య నిర్మాణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య వచనం, వస్తుగుణం, శోథ, కర్క్యుమిన్, శొంఠి, పరిభాష, మోతాదు.

1. ప్రవేశిక

తెలుగు దినపత్రికల ఆరోగ్య పుటల్లోను, వారపత్రికల్లోను, బస్టాండుల్లో అమ్మే చౌక పుస్తకాల్లోను మొక్కల మందుల గురించి వస్తున్న రచన పరిమాణంలో స్వల్పమైనది కాదు. సాహిత్య విమర్శ దీన్ని తన పరిధిలోనిదిగా భావించలేదు. వైద్యులు దీన్ని రచనగా చూడలేదు. ఇద్దరి మధ్య ఈ వచనం పరీక్షకు నిలవకుండానే కొనసాగుతూ వచ్చింది. మోకాళ్ళు పట్టేసి మెట్టు ఎక్కలేని మనిషి ఉదయం చదివి, సాయంత్రానికే ఆచరణలో పెట్టే వాక్యాలు ఇందులో ఉంటాయి. కవితలో ఒక పదం జారితే భావం చెడుతుంది. ఇక్కడ ఒక పదం జారితే దాని ఫలితం చదువరి ఒంటిమీద పడుతుంది. ఈ కారణంగానే ఈ వచనాన్ని భాషా దృష్టితో పరిశీలించడం అవసరమవుతున్నది.

ఈ రచనల్లో తరచుగా కనిపించే చట్రం ఒకటి ఉంది. ఫలానా మొక్కలో ఫలానా పదార్థం ఉంది. ఆ పదార్థానికి నొప్పిని, వాపును తగ్గించే గుణం ఉంది. కాబట్టి ఆ మొక్కను వాడితే నొప్పి, వాపు తగ్గుతాయి. ఇది ఏ ఒక్క రచన నుంచి ఉదాహరించిన వాక్యం కాదు, అనేక రచనల వెనుక ఉన్న అచ్చు. తర్కశాస్త్రం చదివిన వారికి ఇది పంచావయవ వాక్యంలా కనిపించవచ్చు. హేతువు ఉంది, నిగమనం ఉంది. లోపించినది వ్యాప్తి. పదార్థం చేసే పనిని మొక్క కూడా చేస్తుందని చెప్పడానికి, ఆ పదార్థం ఆ మొక్కలో ఎంత ఉంది, ఒంటికి ఎంత పడుతుంది, ఎంతకాలం నిలుస్తుంది అనే మూడు ప్రశ్నలకు సమాధానం కావాలి. చట్రంలో ఆ మూడింటికీ చోటు లేదు.

2. ‘నొప్పి’ అనే ఒకే మాట

నొప్పిని చెప్పడంలో తెలుగు పేద భాష కాదు. తల పోటు పెడుతుంది, పన్ను లాగుతుంది, గడ్డ సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, తెలంగాణ పలుకుబడిలో గుంజుతాయి. పుండు చురుక్కుమంటుంది, పొట్ట మండుతుంది, నరం జివ్వుమంటుంది, పక్క కుట్టు పడుతుంది. ప్రసవానికి పురిటినొప్పులు అనే బహువచనం ఒక్కటే సరిపోతుంది. ఇవి అలంకారాలు కావు, వేర్వేరు అనుభవాలకు వేర్వేరు పేర్లు.

ఈ భేదాలకు వైద్యపరమైన విలువ ఉంది. రోనాల్డ్ మెల్జాక్ 1975లో రూపొందించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళి నొప్పిని వర్ణించే 78 ఆంగ్ల పదాలను 20 వర్గాలుగా అమర్చి, రోగి ఏ పదాన్ని ఎంచుకుంటాడో దాన్ని బట్టి నొప్పి స్వభావాన్ని అంచనా వేస్తుంది. సలుపు ఎక్కువగా చీము పట్టిన, శోథ ఉన్న చోట కలిగే నొప్పి. జివ్వుమనడం, తిమ్మిరితో కూడిన మంట, సూదులు గుచ్చినట్టుండటం చాలాసార్లు నరం దెబ్బతిన్నదనడానికి గుర్తులు. శోథను తగ్గించే మందు మొదటిదానికి పనిచేస్తుంది, రెండవదానికి అంతగా పనిచేయదు. మధుమేహం వల్ల పాదాలు మండే మనిషికి, కీలు వాచి నొప్పి పెట్టే మనిషికి ఒకే ఆకు ఒకే కారణంతో ఉపయోగపడే అవకాశం తక్కువ.

ఆరోగ్య వచనం ఈ పదసంపదనంతా ‘నొప్పి’ అనే ఒక్క మాటలోకి కుదించింది. ఆంగ్ల పత్రికల్లోని ఒకే పదానికి ఒకే తెలుగు పదం పెట్టే అనువాద అలవాటు ఇందుకు కొంత కారణం. పల్లెల్లో నాటువైద్యుడు రోగిని మొదట అడిగే ప్రశ్న ‘ఎట్లా నొస్తున్నది?’ అని. అచ్చువచనంలో ఆ ప్రశ్న కనిపించదు.

3. ఇన్‌ఫ్లమేషన్ తెలుగులో ఏమవుతుంది

దీనికంటే చిక్కైన సమస్య ‘ఇన్‌ఫ్లమేషన్’ అనే పదానిది. రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. లాటిన్ మూలపదంలో ఉన్నది మంట, అంటే అగ్ని. తెలుగు రచయితలు సందర్భాన్ని బట్టి వాపు అనీ, మంట అనీ, తాపం అనీ, శోథ అనీ రాస్తున్నారు. కొందరు ఆంగ్లపదాన్నే తెలుగు లిపిలో ఉంచుతున్నారు. ఒకే వ్యాసంలో మూడు మాటలు కనిపించడమూ అరుదు కాదు.

‘వాపు’ నాలుగింటిలో ఒక లక్షణం మాత్రమే. కాలు బెణికినప్పుడు అది సరిపోతుంది. రక్తనాళాల గోడల్లోనో, కాలేయంలోనో ఏళ్ళ తరబడి సన్నగా సాగే శోథ విషయంలో ఆ మాట చదువరిని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అతడు తన ఒంటిమీద వాపు కోసం వెతుక్కుంటాడు, కనిపించకపోతే తనకు ఆ ఇబ్బంది లేదనుకుంటాడు. గుండె జబ్బువల్ల కాళ్ళు నీరు పట్టినా తెలుగులో అది వాపే. అందులో శోథ లేదు. పసుపు నీళ్ళు తాగి ఆ వాపు తగ్గుతుందని ఎదురుచూసే రోగికి జరిగే ఆలస్యం చిన్నది కాదు.

‘శోథ’ అనే సంస్కృత పదానికీ మూలార్థం వాపే. అయితే ఆయుర్వేదం ‘వ్రణశోథ’ అనే విశేషరూపాన్ని ఏర్పరచుకున్నది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 17వ అధ్యాయం దానికి ఆమం, పచ్యమానం, పక్వం అనే మూడు దశలను నిర్దేశించింది. గడ్డ పక్వానికి వచ్చింది అనే నేటి తెలుగు వాడుకలో ఆ పరిభాష ఇంకా సజీవంగా ఉంది. దేశ్యపదాల్లో ‘సెగ్గడ్డ’ మరింత ఆసక్తికరం. సెగ, గడ్డ అనే రెండు పదాలు కలిసి వేడిని, ఉబ్బును ఒకే మాటలో చెప్పాయి. సెల్సస్ లక్షణాల్లో రెండు అక్కడే దొరుకుతాయి. ‘సెగవాపు’ వంటి కొత్త సమాసాన్ని ప్రతిపాదించాలనే కోరిక పరిభాషాకర్తలకు కలగవచ్చు. ‘సెగ’కు సుఖవ్యాధి అనే పాత అర్థం కూడా ఉండటం ఆ కోరికకు అడ్డం వస్తుంది. నిర్వచనం ఇచ్చి ‘శోథ’ను స్థిరంగా వాడటమే ప్రస్తుతానికి మేలైన మార్గం. నిర్వచనం లేకుండా వాడితే అదీ వాపుకు గౌరవ నామంగా మిగిలిపోతుంది.

4. పసుపు: పేరు పెద్దది, పాలు చిన్నది

పదార్థనామాలు తెలుగు వచనంలోకి వచ్చిన తీరుకు పసుపు ఉత్తమ ఉదాహరణ. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్ల ద్వారా దేశమంతటికీ పసుపు పంపే తెలుగువారికి ఈ మొక్క గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. గాయానికి పెట్టడం, పాలలో కలిపి తాగడం, కాళ్ళకు రాసుకోవడం వంశపారంపర్యంగా వస్తున్న వాడుకలు. కొత్తగా వచ్చి చేరింది కర్క్యుమిన్ అనే పేరు. 1815లో వోగెల్, పెల్తియే అనే శాస్త్రజ్ఞులు దీన్ని వేరుచేశారు. గత మూడు నాలుగు దశాబ్దాల్లో ఇది వేలాది పరిశోధన పత్రాలకు వస్తువైంది.

100 గ్రాముల పసుపు పొడిలో కర్క్యుమిన్ సాధారణంగా 2 నుంచి 5 గ్రాములు ఉంటుంది. 3 శాతం అనుకుంటే, ఒక చెంచా పసుపులో, అంటే సుమారు 3 గ్రాములలో, ఉండేది 90 మిల్లీగ్రాములు. మోకాళ్ళ అరుగుదలపై జరిగిన పరీక్షల్లో రోగులకు రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాముల వరకు గాఢ సారాన్ని ఇచ్చారు. 1000 మిల్లీగ్రాములు వంటింటి పసుపు ద్వారా పొందాలంటే రోజుకు 33 గ్రాములకు పైగా తినాలి. ఏ కూరా అంత పసుపును భరించదు. ఆ పరీక్షల్లో కొన్నింటిలో నొప్పి కొంత తగ్గినట్లు ఫలితాలు వచ్చిన మాట నిజమే. అవి చిన్న పరీక్షలు. వాటిలో వాడినది వంటింటి డబ్బాలోని పసుపు కాదన్న సంగతిని మన వచనం చెప్పదు.

తరువాతి ప్రశ్న, తిన్నది ఒంటికి ఎంత పడుతుంది అన్నది. కర్క్యుమిన్ నీటిలో కరగదు, పేగుల నుంచి రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది, చేరినది త్వరగా మార్పు చెంది వెళ్ళిపోతుంది. 1998లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియంలోని ఘాటు పదార్థం, ఇచ్చినప్పుడు మనుషుల్లో అది రక్తానికి అందే పాలు 2000 శాతం పెరిగింది. ఈ అంకె తెలుగు రచనల్లో విరివిగా కనిపిస్తుంది. ఏ మూలం మీద 2000 శాతం అన్నది కనిపించదు. దాదాపు ఏమీ లేనిదానికి ఇరవై రెట్లు పెరిగినా అది కొద్దిమొత్తమే కావచ్చు. పైపరిన్ కర్క్యుమిన్‌ను మాత్రమే లోపలికి పంపే కావలివాడు కాదు. కాలేయం ఇతర మందులను విచ్ఛిన్నం చేసే పనికీ అది అడ్డుపడుతుంది. మూర్ఛకో, రక్తం పలచబడటానికో మందులు వాడే వారికి ఈ రెండవ వాక్యం మొదటిదానికంటే ముఖ్యమైనది.

2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కేథరిన్ నెల్సన్ బృందం ప్రచురించిన సమీక్ష ఈ విషయంలో కీలకమైనది. ఎన్నో ప్రయోగ పద్ధతుల్లో కర్క్యుమిన్ తన రంగువల్ల, వెలుగునిచ్చే స్వభావంవల్ల, దొరికిన ప్రతి ప్రొటీనుకూ అంటుకునే గుణంవల్ల లేని ప్రభావాన్ని ఉన్నట్లు చూపగలదని ఆ సమీక్ష వివరించింది. 120కి పైగా వైద్య పరీక్షలు జరిగినా, రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్షల్లో అది విజయం సాధించలేదని తేల్చింది. ఈ నిర్ణయంతో విభేదించిన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. వాదప్రతివాదాలు రెండూ తెలుగు పాఠకుడికి అందలేదు. గాఢ సారాలు వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయన్న సంగతి కూడా అందలేదు.

పసుపు పేటెంటు వివాదం మన వచనంలో ప్రవేశించిన తీరు కూడా విమర్శకు నిలవదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికాలో పేటెంటు లభించింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేయగా 1997లో అది రద్దయింది. ఈ ఘటనను పసుపు మహిమకు అమెరికా వేసిన ముద్రగా చెప్పడం రివాజైంది. ఆ వివాదంలో విచారణకు వచ్చిన ప్రశ్న పసుపు పనిచేస్తుందా అన్నది కాదు, ఆ వాడుక కొత్తదా అన్నది. పాత వాడుక అని పాత రచనలే సాక్ష్యం చెప్పాయి. జ్ఞానం ఎవరిదన్న తగాదాలో గెలుపును మందు ఫలించిందన్న నిరూపణగా మార్చడం వ్యాజ్యం తీర్పును వైద్యం తీర్పుగా చదవడమే.

5. అల్లం, శొంఠి: వస్తుగుణ సంప్రదాయపు సూక్ష్మత

పాత వస్తుగుణ రచనలను నేటి వచనంతో పోల్చినప్పుడు ఒక వైరుధ్యం బయటపడుతుంది. ఎర్ర వేంకటస్వామి ‘వస్తుగుణదీపిక’ వంటి గ్రంథాల కోవలో ఒక వస్తువు గురించి చెప్పవలసిన అంశాలకు ఒక క్రమం ఉండేది: ఇతర భాషల్లో పేర్లు, వాడే భాగం, పచ్చిదా ఎండుదా, మోతాదు, అనుపానం. రోగక్రమాన్ని అనుసరించిన ‘బసవరాజీయం’, సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగు తాత్పర్యం ఉన్న ఆ గ్రంథం, కల్పాన్ని తయారుచేసే విధానం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. ఈ రచయితలకు కర్క్యుమిన్ తెలియదు. మొక్క పేరు చెబితే మందు చెప్పినట్టు కాదని మాత్రం వారికి తెలుసు.

‘శొంఠి లేని కషాయం లేదు’ అన్నది సామెత. కషాయానికి అల్లం ఎందుకు సరిపోదు? అల్లంలో ప్రధానమైన ఘాటు పదార్థం జింజెరాల్. ఎండబెట్టినప్పుడు, వేడి తగిలినప్పుడు జింజెరాల్ అణువులు కొన్ని ఒక్కొక్కటి ఒక నీటి అణువును కోల్పోయి షోగాల్ అనే మరో పదార్థంగా మారతాయి. జపాను భాషలో అల్లాన్ని ‘షోగా’ అంటారు, పేరు అక్కడినుంచి వచ్చింది. షోగాల్ ఘాటులో జింజెరాల్‌ను మించినది. శరీరంలో అది నడిచే తీరూ వేరు. అంటే అల్లం, శొంఠి ఒకే మొక్కకు చెందిన రెండు రూపాలే అయినా రసాయనికంగా రెండు వేర్వేరు మిశ్రమాలు. తెలుగు భాష వాటికి రెండు పేర్లు పెట్టుకున్నది, సంస్కృతం ఆర్ద్రకం, శుంఠి అన్నది. నిఘంటువుల్లోనూ వైద్య గ్రంథాల్లోనూ ఈ రెండూ వేర్వేరు ఆరోపాలు.

ఇప్పటి ఆరోగ్య వచనం ఆంగ్ల మూలంలోని ఒక్క పదాన్ని చూసి రెండింటినీ అల్లంగానే రాస్తున్నది. ఎండు అల్లపు సారంతో జరిగిన పరీక్ష ఫలితం తెలుగులోకి వచ్చేసరికి అల్లం టీ గురించిన సలహాగా మారుతుంది. రసాయనశాస్త్రం తిరిగి కనుగొన్న భేదాన్ని, ముందునుంచీ ఉన్న భాషే చెరిపివేయడం ఇక్కడి విచిత్రం. ఇలాంటి చోట్ల అనువాదకుడికి కావలసింది కొత్త పరిభాష కాదు, ఇంట్లో అమ్మమ్మ వాడే పదం.

మిరప విషయంలో దీనికి కొంత భిన్నమైన పరిస్థితి కనిపిస్తుంది. పోర్చుగీసు వర్తకుల వెంట అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కాయ గుంటూరు సీమకు చిహ్నంగా మారింది. నిప్పుకూ కారానికీ తెలుగులో ఒకే మాట, మంట. 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించిన గ్రాహకం సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికీ, మిరపలోని కాప్సైసిన్‌కూ ఒకే విధంగా స్పందిస్తుందని తేలింది. ఈ మార్గంలోని పరిశోధనకే ఆయనకు 2021లో ఆర్డెమ్ పాటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. మన పూర్వులకు ఈ రహస్యం ముందే తెలుసని దీనిపై రాయడం అత్యుత్సాహం. ఆంగ్లేయుడూ కారాన్ని వేడి అనే అంటాడు. నాలుక ఉన్న ఏ జాతికైనా ఆ పోలిక తోస్తుంది. ఇక్కడ గమనించవలసింది మరొకటి. కాప్సైసిన్ మొదట నొప్పిని పుట్టిస్తుంది. ఎక్కువ మోతాదులో, ఎక్కువసేపు తగిలినప్పుడు ఆ నరాల కొనలు మొద్దుబారి కొంతకాలం నొప్పిని పంపలేకపోతాయి. సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పికి చర్మంపై అంటించే 8 శాతం కాప్సైసిన్ పట్టీని వైద్యులు తమ పర్యవేక్షణలో వాడతారు. కారం తింటే కీళ్ళనొప్పి తగ్గుతుందన్న వాక్యానికి దీనితో ఏ సంబంధమూ లేదు.

6. పేరు వెనుక ఏ మొక్క?

ప్రాచీన కావ్య పరిష్కరణలో పాఠాంతరాలను నిర్ణయించడం ఎంత అవసరమో, ఔషధ వచనంలో మొక్కను గుర్తించడం అంతే అవసరం. వాతరోగాలకు ప్రసిద్ధమైన ‘రాస్న’ను దక్షిణాదిలో దుంపరాష్ట్రంగా, అంటే అల్పీనియా గలంగగా, భావిస్తారు. ఉత్తరాదిలో అదే పేరుతో ప్లూకియా లాన్సియొలాటా అనే వేరే కుటుంబపు పొదను వాడతారు. ఉత్తరాది మొక్కపై జరిగిన రసాయన విశ్లేషణను చదివి, ‘రాస్న’ను దుంపరాష్ట్రంగా అనువదిస్తే, ఒక మొక్క పదార్థాలు మరో మొక్కకు అంటుకుంటాయి. వాక్యం వ్యాకరణబద్ధంగానే ఉంటుంది.

గుగ్గులు, గుగ్గిలం అనే మాటల దగ్గరా ఇదే తప్పు పొంచి ఉంది. ఆయుర్వేదపు గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ మెట్టనేలల్లో పెరిగే ముళ్ళపొద బంక. తెలుగునాట గుగ్గిలం అనేది ఎక్కువగా సాల జాతి చెట్ల బంకకు, ధూపానికి వాడేదానికి, పేరు. శబ్దసామ్యం చూసి ఒకదాని స్థానంలో మరొకటి రాసేవారు ఇది రెండు అక్షరాల తేడాగానే భావిస్తారు. శల్లకి, తెలుగు అడవుల్లోని అందుగు చెట్టు, దీనికి తోడు మూడవ బంక. అందులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు శోథకు దోహదం చేసే 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో గుర్తించారు. మూడింటినీ ‘సాంబ్రాణి రకాలు’ అని కలిపి రాసిన చోట ఈ పరిశోధన ఏ చెట్టుకు చెందుతుందో చదువరికి తెలిసే దారి లేదు.

7. మందు అనే మాట

తెలుగులో ‘మందు’ నీతి లేని పదం. జబ్బుకు వేసేదీ మందే, పొలంలో పురుగుకు కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, సీసాలోదీ మందే. ఒకరికి మందు పెట్టారంటే వశం చేసుకున్నారనో, చంపజూశారనో అర్థం. గసగసాల మొక్క పాలకు నల్లమందు అని పేరు పెట్టిన భాష, అందులో నొప్పిని చంపే శక్తినీ మనిషిని లొంగదీసే శక్తినీ విడదీసి చూడలేదు. ఆ నల్లమందు నుంచి వచ్చిన మార్ఫిన్ నేటికీ క్యాన్సరు నొప్పికి వైద్యుల చేతిలోని ప్రధానమైన ఆయుధం.

ఈ ద్వంద్వార్థం ఆరోగ్య వచనంలో మాయమైంది. ‘మూలిక’, ‘ప్రకృతి’, ‘సహజం’ అనే మూడు విశేషణాలు మందులోని విషభాగాన్ని తుడిచివేశాయి. అడవినాభిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఎర్రని, పసుపుపచ్చని జ్వాలల వంటి పూలున్న ఈ తీగను సంస్కృతంలో లాంగలి, అగ్నిశిఖ అంటారు. తమిళనాడుకు ఇది రాష్ట్రపుష్పం. దీని దుంపలో, గింజల్లో ఉండే కాల్చిసిన్ గౌట్ అనే తీవ్రమైన కీళ్ళ శోథకు నేటి వైద్యంలో కూడా వాడే పదార్థం. మాత్రలో ఉండేది సాధారణంగా అర మిల్లీగ్రాము. మేలు చేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. దుంప తిన్నవారు వాంతులు, విరేచనాలతో మొదలై అవయవాలు విఫలమై మరణించిన ఘటనలు దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను వైద్య పత్రికలకెక్కాయి. ఆయుర్వేదం లాంగలిని ఉపవిషాల్లో చేర్చి, శుద్ధి చేయకుండా వాడరాదన్నది. ‘అడవినాభిలో కాల్చిసిన్ ఉంది, అది కీళ్ళవాపును తగ్గిస్తుంది’ అన్న వాక్యంలో అసత్యం ఒక్కటీ లేదు. ఈ వచనంలో అంతటి ప్రమాదకరమైన వాక్యం మరొకటి దొరకడం కష్టం.

ఆస్పిరిన్ కథనం కూడా ఇదే విస్మృతితో సాగుతుంది. విల్లో చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని ఎడ్వర్డ్ స్టోన్ 1763లో రాయల్ సొసైటీకి రాశాడు. 1828లో బుఖ్‌నర్ అందులోంచి సాలిసిన్‌ను వేరుచేశాడు. దానినుంచి వచ్చిన సాలిసిలిక్ ఆమ్లం కడుపును కోసేది. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దాన్ని మార్చి ఆస్పిరిన్ తయారుచేశాడు. ఏ చెట్టులోనూ ఆస్పిరిన్ లేదు. జాన్ వేన్ 1971లో చూపినట్లు, ఈ మందు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొని నొప్పిని తగ్గిస్తుంది. ఆ ప్రోస్టాగ్లాండిన్లే కడుపు లోపలి పొరను కాపాడతాయి. అందువల్ల ఉపశమనమూ పుండూ ఒకే చర్యకు రెండు ఫలితాలు. అదే దారిలో పనిచేస్తుందని చెప్పే మొక్కకు మాత్రం దుష్ఫలితాలు లేవనడం స్వవచన వ్యాఘాతం. రెండు రోజుల్లో మోకాలి నొప్పి మాయం చేసే కొన్ని ‘మూలికా’ పొట్లాల్లో స్టెరాయిడ్లు కలిపి ఉన్నట్లు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. అటువంటి పొట్లానికి గిరాకీ తెచ్చే నమ్మకాన్ని పెంచినవాటిలో ఈ వచనమూ ఒకటి.

8. ‘తేలింది’ అనే క్రియ

ఈ వచనానికి ఇష్టమైన సమాపక క్రియ ‘తేలింది’. పరిశోధనల్లో తేలింది. ఎవరి పరిశోధనలో, దేనిపై, ఎంతమందిలో అన్న కారకాలు ఆ వాక్యంలో ఉండవు. తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడిపే సౌలభ్యం ఉంది. ఆ సౌలభ్యం ఇక్కడ దాపరికంగా మారింది. వ్యవహారంలో తెలుగువాడు తాను చూడనిదాన్ని చెప్పేటప్పుడు ‘అట’ చేరుస్తాడు. ‘వావిలాకు కడితే తగ్గుతుందట’ అన్న వాక్యంలో చెప్పేవాడి బాధ్యత ఎంతో, విన్నదెంతో స్పష్టం. అచ్చులోకి వచ్చేసరికి ఆ ‘అట’ రాలిపోతుంది, దాని స్థానాన్ని ‘తేలింది’ ఆక్రమిస్తుంది. ఆ విధంగా వినికిడి వాక్యం ప్రమాణ వాక్యమవుతుంది. వ్యవహార భాషకు ఉన్న నిజాయితీ శిష్ట భాషకు లేకపోవడం పరిశీలించదగిన అంశం.

ఎక్కువ సందర్భాల్లో ఆ ‘తేలింది’ వెనుక ఉన్నది ఎలుక పాదం. 1962లో వింటర్, అతని సహచరులు ప్రవేశపెట్టిన పద్ధతిలో సముద్రపు నాచు నుంచి తీసే కారాజీనన్ అనే పదార్థాన్ని ఎలుక అరికాల్లోకి ఎక్కించి, ఆ పాదం ఎంత ఉబ్బిందో కొన్ని గంటలపాటు కొలుస్తారు. ముందుగా మొక్క సారం ఇచ్చిన ఎలుకల్లో ఉబ్బు తక్కువైతే ఆ సారానికి శోథను తగ్గించే గుణం ఉన్నట్లు నమోదు చేస్తారు. మన దేశంలో ఔషధ మొక్కలపై వెలువడిన పత్రాల్లో చాలా భాగం ఈ పరీక్షపై ఆధారపడినవే. ఇది తొలి వడపోతగా ఉపయోగపడే పద్ధతి. ఇక్కడ ‘వాపు తగ్గింది’ అన్న తెలుగు వాక్యం అక్షరాలా సరైనదే, కొలిచింది వాపునే. ఆ వాక్యం ఎలుక పాదం నుంచి అరవై ఏళ్ళ మనిషి మోకాలిలోకి, గంటల నుంచి ఏళ్ళలోకి ప్రయాణించేటప్పుడే అర్థం మారిపోతుంది. ‘ఎలుకల్లో’ అన్న ఒక్క పదం ఉంచితే చాలు, ఆ ప్రయాణం చదువరి కంటికి కనిపిస్తుంది. సంపాదకుడు స్థలం చాలదని మొదట కొట్టివేసేది ఆ పదాన్నే.

వావిలి దగ్గర ఈ సమస్య మరింత సున్నితం. బాలింతకు వావిలాకు కాచిన నీళ్ళు పోయడం, కీళ్ళు పట్టిన చోట ఆకును వెచ్చచేసి కట్టడం తెలుగు పల్లెల్లో నేటికీ ఉన్న ఆచారం. ఉపశమనం కలుగుతుందన్న అనుభవాన్ని తోసిపుచ్చడానికి కారణం లేదు. ఆ ఉపశమనంలో ఆకులోని పదార్థాల పాలెంత, వేడి నీళ్ళ పాలెంత, ఒళ్ళు పట్టే చేతుల పాలెంత అన్నది విడదీయవలసిన ప్రశ్న. వేడి ఒక్కటే కండరాల నొప్పిని తగ్గించగలదు. వావిలాకు గురించి రాసే వ్యాసం దానిలోని రసాయనాల జాబితాతో మొదలైతే ఈ ప్రశ్న పుట్టదు. బాలింత స్నానంతో మొదలై, మామూలు వేడినీళ్ళతో, ఆకు కాచిన నీళ్ళతో విడివిడిగా ఏమవుతుందని అడిగితే, అప్పుడు రసాయనాల ప్రస్తావనకు ఒక సందర్భం ఏర్పడుతుంది, ఆకును కాచిన నీటిలోకి ఆ పదార్థాలు దిగుతాయా, చర్మం దాటి లోపలికి వెళ్తాయా అన్న తరువాతి ప్రశ్నలూ వాటంతటవే వస్తాయి.